కోలార్ గనుల లోతున లెక్కించిన మ్యూయాన్లు

ఒక పాఠశాల జీవితంలో డెబ్బై ఐదు సంవత్సరాలు చిన్న కాలం కాదు. ఈ ప్లాటినం జూబిలీ సంచికలో మన బడిని నిలబెట్టిన దాతలను, చదువు చెప్పిన గురువులను స్మరించే వ్యాసాలు ఉన్నవి. ఆ కార్యానికి నాకన్నా అర్హులైన పెద్దలు పూనుకొన్నారు. భౌతికశాస్త్రం బోధించిన ఉపాధ్యాయురాలిగా నేను మరొక చరిత్రను పాఠకుల ముందుంచదలచాను. మన బడి తొలి అడుగులు వేస్తున్న రోజులలోనే, మన జిల్లా నేల అడుగున ఆరంభమైన ఒక శాస్త్రీయ పరిశోధన చరిత్ర అది.

2007లో చిక్కబళ్లాపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడే వరకు చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం తాలూకాలన్నీ కోలార్ జిల్లాలోనివే. కోలార్ అనగానే మన పెద్దలకు బంగారు గనులు గుర్తుకు వస్తాయి. తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు ఎన్నో ఆ గనులను నమ్ముకొని బ్రతికాయి. అయితే ఆ గనులలో బంగారంతో పాటు మరొకదానిని కూడా వెదకినారని, ఆ వెదుకులాటలో మన జిల్లా పేరు ప్రపంచ భౌతికశాస్త్ర గ్రంథాలకు ఎక్కినదని మన పిల్లలలో చాలామందికి తెలియదు. అక్కడ వెదకినది మ్యూయాన్ అనే కణాన్ని.

మ్యూయాన్ అనగా నేమి?

ఆకాశంలో సుదూర ప్రాంతాల నుండి విశ్వకిరణాలు నిరంతరం భూమి మీదికి వస్తుంటాయి. అవి వాయుమండలపు పైపొరలలోని పరమాణువులను ఢీకొన్నప్పుడు కొత్త కణాలు పుడతాయి. వాటిలో నేల దాకా చేరుకొనేవాటిలో ముఖ్యమైనది మ్యూయాన్. మనం అరచేయి చాచి నిలుచుంటే దాదాపు సెకనుకు ఒక మ్యూయాన్ దాని గుండా దూసుకొని పోతుంది. మనకు నొప్పి లేదు, తెలివిడి లేదు.

1936లో అమెరికాలో కార్ల్ ఆండర్సన్, సేథ్ నెడర్‌మేయర్ అనే శాస్త్రవేత్తలు విశ్వకిరణాలలో దీని జాడను కనుగొన్నారు. విద్యుదావేశంలోను, ఇతర లక్షణాలలోను ఇది ఎలక్ట్రాన్ వంటిదే. బరువు మాత్రం దాదాపు 207 రెట్లు ఎక్కువ. ఆయువు చాలా స్వల్పం. నిశ్చలంగా ఉన్న మ్యూయాన్ సగటున సెకనులో పది లక్షల వంతులు రెండింటికి కొంచెం పైన, అనగా 2.2 మైక్రోసెకన్లు మాత్రమే జీవిస్తుంది.

ఇక్కడ మన భారతీయుల పాత్ర మొదలవుతుంది. వేగంగా ప్రయాణించే కణానికి కాలం నెమ్మదిస్తుందన్న ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాన్ని ఇటువంటి కణాల ఆయువును బట్టి పరీక్షించవచ్చునని 1938లో హోమీ భాభా సూచించారు. మన నంది కొండనే ఉదాహరణగా తీసుకొందాం. కొండ శిఖరం ఎత్తు 1,478 మీటర్లు. చిక్కబళ్లాపురం పట్టణం దానికన్నా సుమారు ఐదున్నర వందల మీటర్లు క్రింద ఉన్నది. కాంతి వేగంతో వచ్చినా ఆ దూరానికి దాదాపు 1.8 మైక్రోసెకన్లు పడుతుంది. కాలం నెమ్మదించకపోతే, శిఖరాన్ని దాటిన మ్యూయాన్లలో సగానికి పైగా పట్టణం చేరేలోగానే నశించిపోవాలి. గాలిలో ఆగిపోయేవాటిని మినహాయిస్తే, నిజానికి నశించేవి చాలా కొద్ది. ఇటువంటి కొలతనే 1941లో అమెరికా కొండలలో బ్రూనో రోసీ, డేవిడ్ హాల్ చేసి సిద్ధాంతాన్ని ధ్రువపరచారు.

ఆ కాలంలోనే మరొక భారతీయ శాస్త్రవేత్త పేరును, ముఖ్యంగా మన బాలికల కోసం, ఇక్కడ వ్రాయవలసి ఉన్నది. ఆమె బిభా చౌధురి. కలకత్తాలో డి.ఎం. బోస్ గారితో కలిసి ఆమె ఫోటో పలకలను హిమాలయ పర్వతాలపై ఉంచి, వాటిపై విశ్వకిరణాలు గీసిన జాడలను పరిశీలించారు. ఎలక్ట్రాన్ కన్నా సుమారు రెండు వందల రెట్లు బరువైన కణం జాడలు వారికి కనిపించాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మేలురకం పలకలు దొరకక ఆ పని ఆగిపోయింది. ఆ పద్ధతినే మెరుగైన పలకలతో సాగించిన ఇంగ్లండు శాస్త్రవేత్త సెసిల్ పావెల్ 1950లో నోబెల్ బహుమతి పొందారు. బిభా చౌధురి గారు 1991లో పరమపదించారు. 2019లో ఒక నక్షత్రానికి ఆమె పేరు పెట్టారు.

గనిలోకి దిగిన శాస్త్రం

1945లో భాభా నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధనా సంస్థ తొలి కొద్ది నెలలు బెంగళూరులోనే పనిచేసి, తరువాత బొంబాయికి తరలినది. మ్యూయాన్లు రాతిని కూడా చీల్చుకొని ఎంత లోతుకు పోగలవో తెలుసుకోవాలన్నది భాభా కోరిక. దానికి లోతైన గని కావాలి. ప్రపంచంలోనే మిక్కిలి లోతైన గనులలో ఒకటి కోలార్‌లోని ఛాంపియన్ రీఫ్. 1950ల తొలినాళ్లలో భాభా ఈ పనిని బి.వి. శ్రీకంఠన్ అనే యువ శాస్త్రవేత్తకు అప్పగించారు. మైసూరు సీమలో పుట్టిన శ్రీకంఠన్ గారు తరువాతి కాలంలో ఆ సంస్థకే డైరెక్టరు అయ్యారు. 2019లో ఆయన దివంగతులయ్యారు.

పని చెప్పినంత తేలిక కాదు. ఉపకరణాలను భాగాలుగా గనిలోకి దింపి, లోపల అమర్చుకోవాలి. లోతుకు పోయినకొద్దీ రాయి వేడెక్కుతుంది. రాతి ఒత్తిడికి గోడలు హఠాత్తుగా పగిలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. గని కార్మికుల చెమట, అనుభవం తోడు లేకపోతే ఆ పరిశోధన ఒక్క అడుగు కూడా సాగేది కాదు. శాస్త్ర పత్రికలలో వారి పేర్లు అచ్చు కాలేదు గాని, ఆ ఘనతలో వారికీ భాగం ఉన్నది.

1960ల ఆరంభంలో జపాన్‌కు చెందిన మియాకే, మన దేశానికి చెందిన వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి గార్లు గనిలో వేర్వేరు లోతులలో మ్యూయాన్లను లెక్కించారు. దిగినకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చింది. భూమి మీద అరచేతి గుండా సెకనుకొకటి పోయే కణం కోసం అక్కడ గంటల తరబడి, రోజుల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. చిట్టచివరి మజిలీ సుమారు 2,760 మీటర్ల లోతు. అక్కడ రెండు నెలలు ఉపకరణాలు పనిచేసినా ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు.

సున్న కూడా ఫలితమే

సామాన్య దృష్టికి ఇది వైఫల్యంగా కనిపించవచ్చును. రెండు నెలల శ్రమకు సున్న వచ్చినదని ఎవరైనా నిట్టూర్చవచ్చును. ఆ శాస్త్రవేత్తలు సున్నను సున్నగానే వ్రాసుకొని, దాని అర్థమేమిటని ఆలోచించారు. ఆకాశం నుండి వచ్చే మ్యూయాన్లు ఏవీ ఇంత లోతుకు చేరడం లేదంటే, ఇంతకన్నా నిశ్శబ్దమైన చోటు ప్రపంచంలో దొరకడం కష్టం. సంత సద్దుమణిగిన తరువాతనే దూరపు గుడిగంట వినబడుతుంది. అలాగే, ఇతర సంకేతాల సందడి లేని ఆ లోతులో న్యూట్రినో అనే అతి దుర్లభమైన కణం జాడ పట్టవచ్చునని వారు గ్రహించారు.

న్యూట్రినోకు విద్యుదావేశం లేదు. అది భూగోళాన్నే అడ్డంగా దాటి పోగలదు. ఎప్పుడో ఒకసారి రాతిలోని పరమాణు కేంద్రకాన్ని తాకినప్పుడు మ్యూయాన్ పుడుతుంది. పైనుండి వచ్చే మ్యూయాన్లు నిలువుగానో, కొంత ఏటవాలుగానో దిగుతాయి. న్యూట్రినో వలన పుట్టినది అడ్డంగా కూడా పోవచ్చును. అంత లోతులో అడ్డంగా పోయే మ్యూయాన్ కనబడినదంటే అది న్యూట్రినో చేసిన పనే అన్నమాట.

టాటా సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు కలిసి సుమారు 2,300 మీటర్ల లోతున ఉపకరణాలను నిలిపారు. వాటిలో కణం తగిలితే వెలుగు చిమ్మే ప్లాస్టిక్ పలకలు, కణం పోయిన దారిని చూపే నియాన్ గొట్టాలు ఉన్నవి. ఎం.జి.కె. మీనన్, శ్రీకంఠన్, నరసింహం, రమణమూర్తి, మియాకే, వుల్ఫెండేల్ మొదలైన వారు ఆ బృందంలోనివారు. వేళ్లమీద లెక్కించదగిన కొద్ది సంకేతాలే దొరికాయి. కాని అవి కచ్చితమైనవి. వాయుమండలంలో పుట్టిన న్యూట్రినోలను పట్టుకొన్నామన్న వారి వ్యాసం 1965 ఆగస్టు 15న ‘ఫిజిక్స్ లెటర్స్’ పత్రికలో అచ్చయినది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇదే ప్రయత్నం చేస్తున్న ఫ్రెడరిక్ రైన్స్ బృందానికి తొలి సంకేతం ముందే కనబడినా, వారి వ్యాసం అచ్చులో వచ్చినది అదే నెల 30వ తేదీన.

ఆ దారిలోనే ముందుకు సాగిన జపాన్ శాస్త్రవేత్తలు వాయుమండల న్యూట్రినోలు దారిలో రూపం మార్చుకొంటాయని 1998లో చూపారు. అందుకు తకాకి కజిత గారికి 2015లో నోబెల్ బహుమతి లభించింది. కోలార్‌లో 1980 నుండి ప్రోటాన్ క్షయాన్ని వెదికే పెద్ద ప్రయోగం కూడా జరిగింది. 1992లో గనిలోని పరిశోధనలు ముగిశాయి. 2001 ఫిబ్రవరి 28న గనులే మూతపడినవి. తమిళనాడు తేని జిల్లాలో కొత్త భూగర్భ న్యూట్రినో ప్రయోగశాలకు కేంద్ర ప్రభుత్వం 2015లో అనుమతి ఇచ్చినా, అభ్యంతరాల నడుమ నిర్మాణం సాగలేదు.

బొంగరం తిరిగే లెక్క

కోలార్‌లో మ్యూయాన్లను లెక్కిస్తున్న కాలంలోనే ఐరోపాలో దానిని మరొక విధంగా కొలవడం మొదలైంది. మ్యూయాన్ ఒక చిన్న అయస్కాంతం వంటిది. దానిని అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, తిరిగే బొంగరం తల వాల్చి ఊగినట్లు, దాని అక్షం ఊగుతుంది. ఆ ఊపు వేగాన్ని బట్టి మ్యూయాన్ అయస్కాంత భ్రామకం తెలుస్తుంది. దానిని సూచించే సంఖ్యను భౌతికశాస్త్రంలో ‘జి’ అంటారు. 1928లో పాల్ డిరాక్ రూపొందించిన సమీకరణం ప్రకారం అది సరిగ్గా 2 కావాలి.

కాని శూన్యం అనుకొన్న చోటు నిజంగా శూన్యం కాదు. అక్కడ క్షణంలో వెయ్యోవంతుకన్నా తక్కువ కాలంలో ఎన్నో కణాలు పుట్టి మాయమవుతుంటాయి. అవి మ్యూయాన్ ఊపును రవంత మారుస్తాయి. అందువలన ‘జి’ విలువ 2 కన్నా కొద్దిగా ఎక్కువ, సుమారు 2.00233. ఈ అదనపు భాగానికి ముఖ్య కారణాన్ని ఎలక్ట్రాన్ విషయంలో 1948లో జూలియన్ ష్వింగర్ లెక్కకట్టారు. మనకు ఇంకా తెలియని కణం ఏదైనా ప్రకృతిలో ఉంటే, దాని ప్రభావం కూడా ఈ అదనపు భాగంలో కలిసి ఉండాలి. అందుకే ఇంత చిన్న సంఖ్యపై ఇంత శ్రద్ధ.

జెనీవాలోని సెర్న్ ప్రయోగశాలలో 1960ల ఆరంభం నుండి 1979 వరకు మూడు ప్రయోగాలు ఒకదానికన్నా ఒకటి సూక్ష్మంగా ఈ విలువను కొలిచాయి. తరువాత అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో 14 మీటర్ల వ్యాసం గల అయస్కాంత వలయంలో మ్యూయాన్లను త్రిప్పారు. కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తే ఆ మ్యూయాన్ల ఆయువు 2.2 నుండి దాదాపు 64 మైక్రోసెకన్లకు పెరిగింది. భాభా 1938లో సూచించిన విషయమే ఇక్కడ పనికివచ్చింది. ఆయువు పెరగడం వలననే వాటి ఊపును కొలిచే వ్యవధి దొరికింది.

2013లో ఆ వలయపు తీగచుట్టలను విప్పకుండా, వంగకుండా, పడవ మీదను, బండి మీదను ఎక్కించి షికాగో సమీపంలోని ఫెర్మీల్యాబ్‌కు తరలించారు. సముద్రం మీదుగా, నదుల మీదుగా సాగిన ఆ ప్రయాణం సుమారు ఐదు వేల కిలోమీటర్లు. అక్కడి తుది ఫలితం 2025 జూన్ 3న వెలువడింది. అదనపు భాగంలో కొలత అనిశ్చితి వంద కోట్లకు 127 వంతులు మాత్రమే. బాగేపల్లి నుండి బెంగళూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఒక సెంటీమీటరు పైచిలుకు తేడాతో కొలవడం ఎటువంటిదో ఇది అటువంటిది.

సీలు వేసిన కవరు, మారిన గుర్తు

ఈ చరిత్రలో రెండు విషయాలు బడితో సంబంధమున్న వారందరినీ ఆకట్టుకొంటాయని నా నమ్మకం.

మొదటిది, కొలిచేవారు తమను తామే నమ్మకపోవడం. తమకు కావలసిన జవాబు వైపు మనసు మొగ్గుతుందని వారికి తెలుసు. అందుచేత ఫెర్మీల్యాబ్‌లో గడియారపు అసలు వేగాన్ని బృందంలో ఎవరికీ తెలియనివ్వలేదు. బృందానికి చెందని ఇద్దరు ఆ సంఖ్యను కవరులో పెట్టి సీలు వేసి దాచారు. విశ్లేషణ అంతా ముగిసిన తరువాతనే, 2021లో, ఆ కవరు తెరిచారు. పబ్లిక్ పరీక్షల వేళ ప్రశ్నపత్రాల కట్టలకు మనం వేసే సీలు గుర్తుకు వస్తుంది. మన సీలు ఇతరుల మీది జాగ్రత్త కొరకు. వారి సీలు తమ మీద తమకు ఉండవలసిన జాగ్రత్త కొరకు.

రెండవది, తప్పును ఒప్పుకొన్న తీరు. 2001లో బ్రూక్‌హేవెన్ కొలతకు, సిద్ధాంతపు లెక్కకు తేడా కనబడగానే కొత్త కణాలు ఉన్నాయన్న ఆశ ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ సంవత్సరం చివరలో మార్క్ క్నెష్ట్, ఆండ్రియాస్ నైఫెలర్ అనే సిద్ధాంతకర్తలు లెక్కలో ఒక భాగాన్ని తిరిగి చేసి చూస్తే, ధన గుర్తు రావలసిన చోట ఋణ గుర్తు పడినదని తేలింది. మన తొమ్మిదవ తరగతి పిల్లల బీజగణితం నోటుపుస్తకంలో ఎర్రసిరాతో మనం రోజూ దిద్దే పొరపాటు వంటిదే. మునుపు ఆ లెక్క చేసిన పెద్ద శాస్త్రవేత్తలు వెంటనే తమ పనిని సరిచూసుకొని, పొరపాటును బహిరంగంగా అంగీకరించారు. తేడా తగ్గిపోయింది.

తరువాత కొలతలు సూక్ష్మమైనకొద్దీ తేడా మరల పెరిగింది. 2021 ఏప్రిల్ 7న ఫెర్మీల్యాబ్ తొలి ఫలితం వెలువడిన రోజుననే, సూపర్ కంప్యూటర్లతో మూల సూత్రాల నుండి చేసిన ఒక కొత్త లెక్క ‘నేచర్’ పత్రికలో అచ్చయినది. ఆ లెక్క కొలతకు దగ్గరగా ఉన్నది. ఇతర బృందాలు కూడా అటువంటి లెక్కలు చేసి చూచాయి. 2025లో ప్రపంచ సిద్ధాంతకర్తలందరూ కూడి ప్రకటించిన సరికొత్త విలువకు, కొలతకు ఇప్పుడు చెప్పుకోదగిన తేడా లేదు. అయితే పాత లెక్కకు ఆధారమైన ప్రయోగాలలోని అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగడం లేదన్నది ఇంకా తేలలేదు.

ఇరవై ఏళ్లు ఎదురుచూచిన కొత్త కణం కనబడలేదు. శ్రమ వృథా అయినదా? కోలార్ గనిలోని సున్నను తలచుకొంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఇంత నిశితంగా పరీక్షించినా నిలిచిన సిద్ధాంతం మీద మనకు కలిగే నమ్మకం వేరు, పరీక్షకు పెట్టని సిద్ధాంతం మీద ఉండే నమ్మకం వేరు.

మన బడికి దీనితో ఏమి పని?

ప్రతి సంవత్సరం ప్రవేశాల వేళ తల్లిదండ్రులు కొందరు తెలుగు మాధ్యమంలో సైన్సు అందుతుందా అని అడుగుతుంటారు. కన్నడ రాజ్యంలో, తెలుగు ఇంటి భాషగా గల పిల్లలకు అది సహజమైన సందేహమే. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు పైచదువు కోసం బెంగళూరుకు కాలినడకన వెళ్లినవారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. బాగేపల్లిలోను, గౌరిబిదనూరులోను కళాశాలలు వెలయడానికి కారకులయ్యారు. ప్రశ్నించడం నేర్పని చదువు చదువే కాదన్నది ఆయన జీవితమంతా ఆచరించి చూపిన మాట. మ్యూయాన్ కథను ఇంటి భాషలో విని అర్థం చేసుకొన్న పిల్లవాడు రేపు దానిని ఏ భాషలోనైనా చదువుకోగలడు. వినకుండా కంఠస్థం చేసినవానికి ఏ భాషా సహాయపడదు.

మాధ్యమం కన్నా నాకు పెద్ద చింత మరొకటి ఉన్నది. ప్రయోగశాలలో లోలకం ఊగించి గురుత్వ త్వరణం కనుగొనమంటే, ఎక్కువమంది పిల్లలు తమకు వచ్చిన సంఖ్యను చెరిపి, పుస్తకంలో ఉన్న 980కి సరిపోయే రీడింగులు వ్రాస్తారు. మార్కులు పోతాయన్న భయం వారిది. ఆ భయం పెట్టినవారము పెద్దలమే. తల్లిదండ్రులు మార్కులు అడుగుతారు. మేము పుస్తకపు జవాబుకు మార్కులు వేస్తాము. కోలార్ గనిలో రెండు నెలలు కూర్చుని సున్న వ్రాసినవారు, గడియారం వేగాన్ని తమకే తెలియకుండా దాచుకొన్నవారు ఈ అలవాటుతో పెరిగి ఉంటే ఈ చరిత్ర ఉండేది కాదు.

కనుక ఈ జూబిలీ సంవత్సరం నుండి మన ప్రయోగశాలలో ఒక నియమం పెట్టుకొన్నాము. లోలకం ప్రయోగంలో 940 వచ్చినవారు 940 అని వ్రాసి, తేడా ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలలో వివరించాలి. దారం పొడవు సరిగా కొలవలేదా, ఊపులు లెక్కించడంలో తప్పిందా, గాలి తగిలిందా అని వారే వెదకాలి. అలా వ్రాసినవారికి పూర్తి మార్కులు ఉంటాయి. పూర్వ విద్యార్థులు మంచి గడియారాలు, మీటరు స్కేళ్లు సమకూర్చి సహకరించవలసినదిగా కోరుతున్నాను. తల్లిదండ్రులు తమ పిల్లల రికార్డు పుస్తకంలో 940 కనబడితే కోపగించుకొనవద్దని, వారి చేత ఆ రెండు వాక్యాలను చదివించుకొని వినవలసినదిగా మనవి చేస్తున్నాను.